రిబ్బన్ తెగాకే గున్న నడుము

“వెన్నెముక ఉన్న ప్రతి ప్రాణికీ మా ప్రభుత్వం వెన్నుదన్ను!” అని సభలో పశువుల మంత్రిగారు ప్రకటించారు. వెన్నెముకతో ఇంతవరకూ పని పడని అనుచరులంతా లేచి చప్పట్లు కొట్టారు. భారీ కుక్కలకు వేలెడంత కోతతో నడుము ఆపరేషన్ చేసే గది పశువుల ఆసుపత్రిలో మర్నాడే ప్రారంభం.

మర్నాటికి గది సిద్ధం. డాక్టరమ్మ సిద్ధం. మొదటి పేషెంటు గున్న, అరవై కిలోల కుక్క, పడుకుని మరీ సిద్ధం. స్ట్రెచర్ దొరక్క వాడి యజమాని అయిన వడ్రంగి తన ఇంటి తలుపు ఊడదీసి దానిమీద మోయించుకొచ్చాడు.

“నిన్నటిదాకా నన్ను ఈడ్చుకెళ్ళినవాడు డాక్టరమ్మా! ఇవాళ వాడి వెనక్కాళ్ళు వాడి మాటే వినట్లేదు.”

డాక్టరమ్మ గున్న కాలివేలు గట్టిగా గిల్లింది. కుయ్యిమన్నాడు.

“నొప్పి తెలుస్తోంది, ఆశ ఉంది. డిస్కు ముక్క జారి నరాన్ని నొక్కుతోంది. సన్న గొట్టం పంపి తీసేస్తా. కానీ త్వరగా తీయాలి. ఈ కుయ్యి ఆగిపోతే మళ్ళీ నడవడం కష్టం.”

“ఆగండాగండి!” మంత్రిగారి పీఏ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపాడు. “రిబ్బన్ కంటే ముందు ఇంకేదీ తెగకూడదు. ప్రోటోకాల్!”

తొమ్మిదింటి మంత్రిగారు పదకొండున్నరకు దిగారు. “కోత ఎంతమ్మా?”

“వేలెడు సార్.”

“ఇంత ప్రభుత్వం, ఇంత కుక్క, కోత వేలెడా? ఫోటోలో ఏం కనబడుతుంది? మూరెడు కొయ్యి!”

“చిన్నగా కోయడమే గొప్ప సార్.”

కోతలు కోయడంలో ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న మంత్రిగారికి ఆ మాట రుచించలేదు. మైకు అందుకున్నారు. ఆయన గొంతు పెరుగుతోంది. డాక్టరమ్మ గిల్లినప్పుడల్లా గున్న గొంతు తగ్గుతోంది. వడ్రంగి కళ్ళు తుడుచుకున్నాడు.

చివరికి కత్తెర వచ్చింది. సేవాభావం ఉట్టిపడాలని పీఏ రిబ్బన్‌ను కుక్క ఎత్తులో కట్టించాడు. ఎన్నికల నెలలో తప్ప వంగి ఎరగని నడుమును మంత్రిగారు వంచారు.

టక్కుమంది. రిబ్బన్ కాదు.

“అమ్మో!”

డాక్టరమ్మ ఆయన చేతిలోని కత్తెర లాక్కుని, రిబ్బన్ కోసి, గున్నను లోపలి బల్లమీదికి మార్పించింది. ఖాళీ అయిన తలుపు మీదికి మంత్రిగారిని చేర్చారు.

“ముందు నన్ను చూడమ్మా!”

“నేను పశువుల డాక్టర్ని సార్. మనుషుల నడుముల ఆసుపత్రి ఎదురుగానే ఉంది. పోయిన నెల మీరే ప్రారంభించారు.”

మంత్రిగారు పీఏ చొక్కా పట్టుకున్నారు. “అక్కడికి మాత్రం వద్దురోయ్! అది నేను ప్రారంభించిందే!”

గంటన్నర తర్వాత శనగగింజంత ముక్క పళ్ళెంలో పడింది. మెలకువ వచ్చాక డాక్టరమ్మ మళ్ళీ గిల్లింది. గున్న కాలు లాక్కుని గుర్రుమన్నాడు.

“గుర్రుమంటే ఇంత ముద్దొస్తాడా వీడు!” వడ్రంగి ఏడుస్తూ నవ్వాడు. “అవునూ, నా తలుపేదమ్మా?”

తలుపు వరండాలో ఉంది. దానిమీద మంత్రిగారు, ఆయన గుండెల మీద రెండో నంబరు టోకెన్. పక్కన పీఏ ఆసుపత్రి ఫారం నింపుతున్నాడు.

“బరువు సార్?”

“తొంభై.”

“కరుస్తుందా, అని ఉంది.”

“ప్రతిపక్షంలో ఉన్నప్పుడు.”

తర్వాతి గడి: యజమాని పేరు. అక్కడ మాత్రం పీఏ ఏమీ అడగలేదు. పార్టీ అధ్యక్షులవారి పేరు ఇంటిపేరుతో సహా రాసేశాడు.

“గారు పెట్టావా?” అన్నారు మంత్రిగారు, అంత నొప్పిలోనూ.