ఖాళీగా కూర్చున్న ఆటగాడు

"ఇక మీదట ఆటలో ఖాళీగా కూర్చునే ఆటగాణ్ణి మన సంఘం ఒక్క నిమిషం కూడా సహించదు!"

పోస్టుకార్డు చదరంగం సంఘం అధ్యక్షులు కృష్ణమూర్తి గారు జనగామలో మైకు ముందు ఈ మాట అనగానే సభ దద్దరిల్లింది. అది 1976 నవంబరు, ఎమర్జెన్సీ కాలం. దేశంలో ఎటు చూసినా క్రమశిక్షణ మాటే. రైళ్ళు టైముకు వస్తున్నాయట, గుమాస్తాలు కుర్చీల్లోనే దొరుకుతున్నారట. అలాంటప్పుడు చదరంగం ఒక్కటే వెనకబడిపోతే దేశానికి ఎంత నామోషీ!

"ముప్పై దినాల్ల ఎత్తు వెయ్యనోడు ఆటోమేటిక్‌గ ఔట్. కరెంటోళ్ళు వచ్చి ఫ్యూజు పీకినట్టు కనెక్షన్ కట్!" అన్నారు కృష్ణమూర్తి గారు.

వెనక వరసలో ఎవరో అమాయకుడు లేచాడు. "ఆటోమేటిక్ అంటె ఏంది సార్?"

"నేను సంతకం పెట్టంగనే దానంతట అదే అయితది."

మళ్ళీ చప్పట్లు. ఆ చప్పట్లలో అందరికంటే గట్టిగా కొట్టినవాడు రాజలింగు. కొట్టడా మరి! ఆ రూలు కావాలని దరఖాస్తు రాసిందే అతను.

రాజలింగు కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూకం వేసే దడువాయి. పొద్దంతా కాంటా దగ్గర నిలబడటం, సాయంత్రం ఇంటికొచ్చి చదరంగం పలక ముందు కూర్చోవడం, ఇంతే అతని ప్రపంచం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఆటగాళ్ళంతా ఒకచోట కలవడం కుదిరే పని కాదు గనుక, ఎవరింట్లో వాళ్ళు పలక పరుచుకొని, ఒక్కో ఎత్తూ కార్డు మీద రాసి పంపుకుంటారు. కార్డు చేరాక అవతలివాడు తన పలక మీద ఆ పావును జరిపి, తన ఎత్తు రాసి పంపుతాడు. అలా రెండేళ్ళపాటు ఇరవై నలుగురు ఆడితే, చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు రాజలింగు. రెండోవారు సాక్షాత్తూ అధ్యక్షుల వారు.

కృష్ణమూర్తి గారి గురించి చెప్పాలంటే ఒక కథ చాలదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఆయన మూడు రోజులు జైల్లో ఉన్నారు. ఆ మూడు రోజుల మీద ఏడేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నారు, ఇంకా రెండో రోజు మధ్యాహ్నం దాకానే వచ్చారు. చదరంగం కూడా అక్కడే నేర్చానని చెబుతారు. ప్రజాసేవలో తీరిక ఉండదు కాబట్టి ఆయన కార్డులు రాసే భాగ్యం సంఘం కార్యదర్శి సోమనర్సయ్య పంతులుకు దక్కింది. ఆ పంతులుకు జూన్‌లో భూపాలపల్లి బడికి బదిలీ అయింది. కృష్ణమూర్తి గారి చివరి కార్డు వచ్చిందీ జూన్‌లోనే.

ఆ కార్డుకు రాజలింగు వేసిన జవాబు ఎత్తు మామూలుది కాదు. దాంతో అధ్యక్షుల వారి నల్ల రాజు మూలన ఇరుక్కుపోయాడు. ఇక ఆయన ఏ పావు జరిపినా సరే, మరుసటి ఎత్తుకు రాజలింగు తెల్ల ఏనుగు సర్రున వెళ్ళి రాజును కట్టేస్తుంది. ఆట ఖతం. ఒక్క కార్డు వస్తే చాలు. ఆ ఒక్క కార్డే ఐదు నెలలుగా రాలేదు.

"వచ్చిందానె?" అని భార్య ఓదెమ్మ రోజూ అడుగుతుంది.

"రాలే," అంటాడు రాజలింగు.

ఓదెమ్మకు ఏనుగుతో పని లేదు, గుర్రంతో పని లేదు. ఆమె కళ్ళన్నీ ప్రథమ బహుమతి మీదే. ప్రథమ బహుమతి కుట్టుమిషను. "మిషిన్ వస్తదని పదకొండు జాకెట్ల గుడ్డలు పట్టి పెట్టిన. గట్టమ్మ బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చె. చేతితోని కుట్టి కుట్టి నా వేళ్ళు జల్లెడలైనయ్. నీ సారు ఇంకెప్పుడు రాస్తడయ్యా?"

"రూలు వచ్చింది గదనే. నెల దాటితె ఔటే. ఆయన ఐదు నెలలు దాటిండు. మిషిన్ మనదే అనుకో," అన్నాడు రాజలింగు ధీమాగా. ఆ రోజు ఓదెమ్మ మూల సర్ది మిషను పట్టేంత చోటు చేసింది.

వారం గడిచింది. మిషనూ రాలేదు, కార్డూ రాలేదు. రాజలింగు యార్డుకు సెలవు పెట్టి, ప్యాసింజరెక్కి, కాజీపేటలో బండి మారి జనగామ చేరాడు.

కృష్ణమూర్తి గారి అరుగు మీద ప్రథమ బహుమతి టకటకా నడుస్తోంది. దానికి కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా విప్పలేదు. అధ్యక్షుల వారి కూతురు పుష్పలత పరికిణీ అంచు కుడుతోంది.

"ఏందమ్మా, గిది బహుమతి మిషిన్ గాదా?" అన్నాడు రాజలింగు.

"ఔనన్నా. ఖాళీగ పెడితె తుప్పు పడ్తదని బాపు రోజు తొక్కుమన్నడు. నా కాళ్ళు పీకుతున్నయ్," అంది పుష్పలత దిగులుగా.

సంఘం ఆస్తిని కాపాడటానికి సొంత బిడ్డ కాళ్ళను కూడా లెక్కచేయని నాయకుడు లోపల పడకకుర్చీలో ఉన్నారు.

"సార్, ఐదు నెలలాయె. ఎత్తు మీది," అన్నాడు రాజలింగు చేతులు కట్టుకొని.

"నాదే. కాదని నేనెప్పుడన్న అన్ననా?"

"మరి వెయ్యకపోతిరి."

"ఆలోచిస్తున్న."

"ఐదు నెలలా సార్?"

"నాయకుడన్నోడు తొందరపడి ఎత్తు వేస్తె ప్రజలేమైపోతరయ్యా?"

ప్రజల సంగతి రాజలింగుకు తట్టనేలేదు. కాస్త సిగ్గుపడి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి రూలు పెడ్తిరి గద సార్. ముప్పై దినాలని."

"పెట్టిన. అమలు గావాలె గద? అమలు గావాలంటె ఖాళీ అంటె ఏందో ముందుగల తేలాలె. దానికి సబ్‌కమిటీ ఏసిన. చైర్మన్ నేను. కన్వీనర్ నేను. నాకు ఎదురు మాట్లాడనీకె ఒకడుండాలె గదా, డెమోక్రసీ కదా, అందుకని మా బామ్మర్ది ఉపేందర్‌ను మెంబర్ చేసిన."

"ఆయన ఎదురు మాట్లాడిండా సార్?"

"ఇంక లే. ఆయన గూడ ఆలోచిస్తున్నడు."

ఉపేందర్ ఆలోచన పక్కగదిలోంచి గురకగా వినిపిస్తూనే ఉంది. రాజలింగు దండం పెట్టి తిరుగు బండెక్కాడు.

అయితే సబ్‌కమిటీ వేగాన్ని మాత్రం మెచ్చుకోవాల్సిందే. పది రోజుల్లో తేల్చేసింది. కేసముద్రం పోస్టుమాన్ హన్మంతు రోజూ "కార్డు లేదన్నా" అని కేకేసి పోయేవాడు, ఆ రోజు మాత్రం కార్డు చేతిలో పెట్టి, మొహం చూడకుండా సైకిలు తొక్కుకుంటూ పోయాడు. అతను ముందే చదివినట్టున్నాడు.

"శ్రీ రాజలింగు గారు జూన్ మాసం నుండి ఒక్క ఎత్తు కూడా వేయకుండా ఖాళీగా కూర్చున్నట్లు సబ్‌కమిటీ విచారణలో తేలినందున, వారిని ఐడిల్ ప్లేయర్‌గా నిర్ధారించి ఆటోమేటిక్‌గా తొలగించడమైనది. వచ్చే ఆదివారం విజేతకు సన్మానము. తప్పక రాగలరు."

కింద కృష్ణమూర్తి గారి సంతకం. పక్కన ఉపేందర్ వేలిముద్ర, తొందరలో కాబోలు.

రాజలింగు కార్డును ఓదెమ్మకు చదివి వినిపించాడు. ఆమె మూలన చేసిన ఖాళీ చోటు వైపు చూస్తూ నిలబడింది. "నువ్వు ఊకెందుకుంటవయ్యా? పోయి అడుగు!" అంది చివరికి. ఆదివారం తెల్లారేసరికి రాజలింగు తన దరఖాస్తు నకలు జేబులో పెట్టుకొని జనగామలో దిగాడు.

సన్మాన సభ కిటకిటలాడుతోంది. వేదిక మీద మిషను, దాని పక్కన చదరంగం పలక. పలక మీద పావులు ఆగిపోయిన ఆట ఎలా ఉందో అలాగే ఉన్నాయి. వాటిని పేర్చడానికి సోమనర్సయ్య పంతులును ప్రత్యేకంగా భూపాలపల్లి నుంచి రప్పించారు. పంతులు రాజలింగును చూసి తల దించుకున్నాడు.

రాజలింగు తిన్నగా వేదిక దగ్గరికి పోయాడు. "సార్, ఎత్తు మీదాయె. నేనెట్ల ఖాళీ అయిత?"

కృష్ణమూర్తి గారు కోప్పడలేదు. మైకులోనే జవాబిచ్చారు. "ఎత్తు నాది గాబట్టి నేను పొద్దుమాపు ఆలోచనల ఉన్న. అంటె పనిల ఉన్న. ఈ ఐదు నెలలు నువ్వేం చేసినవ్?"

"మీ కార్డు కొరకు చూసిన."

"చూసినవ్. ఇంకేం చేసినవ్?"

"ఇంకేం చేస్త సార్? చూసుడే."

"రాసుకో పంతులూ. ఖాళీగ ఉన్నట్టు ఆయనే ఒప్పుకున్నడు."

సభ అంతా ఆ తర్కానికి ముగ్ధమైపోయింది. రాజలింగు జేబులోంచి దరఖాస్తు నకలు తీయబోతే, పక్కనున్న పెద్దమనిషి ఒకాయన "ఊకో తమ్మీ, రోజులు బాగలేవు" అని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

అధ్యక్షుల వారు తమ చేతుల మీదుగా తమకే కుట్టుమిషనును బహూకరించుకున్నారు. ఇచ్చేటప్పుడు హుందాగా, పుచ్చుకునేటప్పుడు వినయంగా నవ్వారు. పత్రికాయన కెమెరా పట్టుకొని ముందుకొచ్చాడు.

"సార్, గెలుపు ఎత్తు వేస్తున్నట్టు ఒక ఫోటో."

కృష్ణమూర్తి గారు పలక ముందు కూర్చున్నారు. చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి కాసేపు పావుల మీద తిరిగి తిరిగి, చివరికి బాగా మెరుస్తున్న తెల్ల ఏనుగును పట్టుకుంది.

"సార్, గది మనది గాదు," అన్నాడు సోమనర్సయ్య పంతులు చెవిలో.

"ఊర్లె అన్నీ మనయే గద పంతులూ," అని కృష్ణమూర్తి గారు ఏనుగును సర్రున జరిపి, మూలనున్న నల్ల రాజును ఠపీమని పడగొట్టారు. కెమెరా మెరిసింది. జనం ఈలలు వేశారు. రాజలింగు ఐదు నెలలుగా వేద్దామనుకున్న ఎత్తు సరిగ్గా అదే.

ఫోటో పత్రికలో పడింది. "చివరి ఎత్తుతో ప్రత్యర్థిని మట్టి కరిపిస్తున్న అధ్యక్షులు" అని కింద రాశారు. ఓదెమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"పడ్డది ఆయన రాజేనా?"

"ఆయనదే."

"పడగొట్టింది నీ ఏనుగేనా?"

"నాదే."

"మరి మిషిన్ ఆళ్ళింట్లెందుకున్నదయ్యా?"

ఓదెమ్మ సూదిలో దారం ఎక్కించుకొని గట్టమ్మ బిడ్డ జాకెట్టు ముందేసుకుంది.

నెల తిరక్కుండానే హన్మంతు ఇంకో కార్డు తెచ్చాడు. ఈసారి జవాబు కార్డు కూడా జతగా ఉంది. అక్షరాలు పంతులువి కావు, వంకర టింకరగా ఉన్నాయి.

"మమ్ములను రాష్ట్ర పోటీకి ఎంపిక చేసినారు. ఫోటోలో మేము వేసిన ఎత్తు అమోఘమని అక్కడి పెద్దలు మెచ్చుకొని వివరము అడుగుచున్నారు. సదరు ఎత్తు ఏమిటో, ఎందుకు వేసినామో తిరుగు టపాలో తెలుపగలరు. ఇట్లు, కృష్ణమూర్తి."

రాజలింగు రెండుసార్లు చదివాడు. జవాబు కార్డును చింపి వేరుచేసి, తన పలక మీద తెల్ల ఏనుగు కింద పెట్టాడు.

పదిహేను రోజుల తర్వాత హన్మంతు సైకిలు ఆపి గుమ్మంలోంచే కేకేశాడు. "రాజలింగన్నా! జనగామ సారు మళ్ళ రాసిండే. జవాబేదని బాగ పరేషాన్ అయితున్నడు. ఏమని చెప్పమంటవ్?"

రాజలింగు గోడకు ఒరిగి కాళ్ళు బారజాపుకున్నాడు.

"ఎత్తు నాదే గద. ఆలోచిస్తున్న అని చెప్పు."