బకెట్టు పలికిన వీడ్కోలు

తెల్లవారేసరికి తన ఇంటి మెట్ల మీది మంచును ఎత్తిపోస్తున్నది ఎవరు? తొమ్మిదేళ్లుగా గుమాస్తాగారిని పీడిస్తున్న సందేహం ఇది.

ఆ ఉత్తరాది ఊళ్లో రాత్రి మోకాలిలోతు మంచు కురుస్తుంది. ఆయన లేచి, స్నానం చేసి, పూజ ముగించి తలుపు తీసేసరికి మెట్లు కడిగిన పళ్లెంలా ఉంటాయి.

"ఎవరే?" అంటే, "దేవుడు" అనేది భార్య.

"దేవుడికి పారెక్కడిదే?"

"అనుమానమైతే పెందలాడే లేచి చూడండి."

అక్కడే వచ్చింది చిక్కు. చూస్తే ఎవరో తెలుస్తుంది. తెలిస్తే తానూ లేచి పార పట్టాలి. అందుకని దేవుడికే ఇంకో దణ్ణం పెట్టి ఊరుకునేవారు.

ఇంతలో ఎక్కడో దక్షిణాదికి బదిలీ అయింది. సామాన్ల లారీ ముందే వెళ్లిపోయింది. ఇక కారులో మూడు రోజుల ప్రయాణం. గుమాస్తాగారి బెంగ ప్రయాణం గురించి కాదు, వీడ్కోలు గురించి. ఆయనకి కన్నీళ్లు మరీ చవక. బదిలీ కాగితం అందిన రోజున అటెండరు భుజం మీద ఏడిస్తే, పాపం అతను చొక్కా మార్చుకోవాల్సి వచ్చింది.

"రేపు ఎవరూ లేవకముందే జారుకుందాం. తర్వాత ఉత్తరం రాద్దాంలే."

"ఇన్నేళ్లు కలిసి బతికినవాళ్లకి మొహమైనా చూపించకుండానా? దొంగల్లాగా?"

"వీధి మధ్యలో నేను ఏడిస్తే బాగుంటుందా?"

"ఏడిస్తే కళ్లద్దాలు తుడుచుకోవాలి. అంతేగా!"

"నువ్వు మాట్లాడకుండా కార్లో కూర్చో, చాలు."

"సరే, మాట్లాడను."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే ఆయన అనుమానపడాల్సింది.

మర్నాడు తెల్లవారుజామున, బూట్లు చప్పుడవుతాయని చేత పట్టుకుని, మేజోళ్లతో మంచులో నడిచి కారెక్కారు. కాళ్లున్నాయో లేవో ఓసారి వంగి చూసుకున్నారు.

ఆ ఊళ్లో రాత్రంతా ఇంజనుకి కరెంటు వైరు తగిలించి వెచ్చగా ఉంచకపోతే పొద్దున కారు కదలదు. తమ ఇంటికి కరెంటు తీసేశారు గనుక, ఆ రాత్రికి వైరును పక్కింటి బస్సు డ్రైవరు వరండాలోంచి లాగారు. మిగిలిన వైరును చుట్టచుట్టి డ్రైవరుగారి తగరపు బకెట్లో పెట్టి, పిడికి ముడేశారు. బకెట్టు పక్కన డ్రైవరుగారి కుక్క ఫ్యూజు పడుకుని ఉంది.

ఇదేదీ గుర్తులేని గుమాస్తాగారు కారు కదపగానే వరండా గోడలోంచి ప్లగ్గు ఊడొచ్చింది. కారు వెనక వైరు, వైరు వెనక బకెట్టు, బకెట్టు వెనక ఫ్యూజు.

ధన్ ధన్ ధన్! భౌ భౌ!

"ఏదో ఊడినట్టుందే!"

భార్య నోరు విప్పలేదు. ఆయన వేగం పెంచారు. బకెట్టూ పెంచింది. పెళ్లివారు దిగినట్టు ఇంటింటా దీపాలు వెలిగాయి. వీధి చివర కారాపి దిగేసరికి దుప్పట్లు కప్పుకుని వీధంతా వచ్చేసింది.

"చెప్పకుండా పోతున్నావా నాయనా?" అంది రొట్టెల దుకాణం అవ్వ. ఆయన తడి మేజోళ్లు చూసి, తన కాళ్లకున్న ఉన్ని మేజోళ్లు విప్పి ఇచ్చింది.

అంతే, చవక కన్నీళ్లు మొదలయ్యాయి. ముక్కు తుడుచుకుంటూ, బకెట్టు తిరిగిచ్చేద్దామని వెనక్కి నడిచారు. భార్య కూడా వెంట వచ్చింది.

తాము ఖాళీ చేసిన ఇంటి మెట్ల మీద పారతో మంచు తీస్తున్నాడు బస్సు డ్రైవరు.

"బావగారూ! ఇన్నేళ్లూ మీరేనా?"

"మొదటి బస్సు నాదేగా. ఎటూ లేస్తాను."

"ఇల్లు ఖాళీ చేశాంగా, ఇంకా ఎందుకండీ?"

"ఇవాళ కొత్తవాళ్లు దిగుతున్నారు. మంచు అలవాటు లేనివాళ్లట. జారిపడతారు పాపం."

గుమాస్తాగారు భార్య వైపు తిరిగారు. "వైరు తీయమని చెప్పలేదేం?"

"మాట్లాడొద్దన్నారుగా. ఇన్నేళ్లూ రోజూ నేనే తీసేదాన్ని. ఇవాళ తీయలేదు."

"మంచు తీసేది ఈయనేనని నీకు తెలుసా?"

"తెలుసు. అన్నయ్య చెప్పొద్దన్నాడు. అందుకే దేవుడన్నాను. తప్పా?"

గుమాస్తాగారు ఆలోచించారు. తప్పనిపించలేదు.

అప్పుడు చూశారు. పరాయివాళ్ల మెట్లు శుభ్రం చేసే మనిషి సొంత మెట్ల మీద మంచు రాత్రి పడింది పడ్డట్టే ఉంది. డ్రైవరు చేతిలో పార లాక్కుని, అవ్వ మేజోళ్ల మీద బూట్లు తొడుక్కుని, పని మొదలుపెట్టారు. సగం మంచు ఫ్యూజు మీద పడింది.

"ఉండండి బావగారూ, నాకు బస్సుకి టైమవుతోంది!"

"పోనీండి. మీ బస్సెక్కేవాళ్లంతా ఇక్కడే ఉన్నారు."

ఆఖరి మెట్టు తేలేదాకా ఆ ఊళ్లో మొదటి బస్సు కదల్లేదు.