రెండు ముందరి పళ్ల విచారణ

"యుద్ధకాలంలో నిర్బంధంలో ఉన్న ఏ ఒక్క మనిషికి హాని జరిగి ఉన్నా, దానికి బాధ్యులెవరో తేల్చేదాకా ఈ ప్రభుత్వం నిద్రపోదు" అని ఆహార శాఖ మంత్రి రాజేశ్వర్ రావు గారు హనుమకొండ సభలో ప్రకటించారు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. వేదిక మీద ముగ్గురు నిద్రపోతున్నారు. వాళ్లు ప్రభుత్వం కారు గనుక ప్రకటనకు భంగం కలగలేదు. చప్పట్లకు ఉలిక్కిపడి లేచిన ఆ ముగ్గురితోనే విచారణ కమిటీ వేశారు. అందులో మూడోవాణ్ని నేను. వందన సమర్పణ కోసం వచ్చాను.

మా ఊరి నుంచి నిర్బంధంలోకి పోయింది మొత్తం ఒక్కడు. పళ్ల డాక్టరు పీటర్ లియాంగ్. వాళ్ల తాత చైనా నుంచి కలకత్తా వచ్చాడు. ఇతను కలకత్తాలో పుట్టి, పని వెతుక్కుంటూ ఇటు వచ్చి, కాజీపేట రైల్వే గార్డు కూతురు రాహేలును చర్చిలో పెళ్లి చేసుకుని, చౌరస్తాలో దుకాణం పెట్టి, ఊరి పెద్దమనుషుల నోళ్లన్నిటినీ బాగుచేశాడు. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చింది. లియాంగ్‌ను ఊరవతల హడావుడిగా కట్టిన శిబిరానికి పట్టుకుపోయారు. దుకాణానికి సీలు వేశారు. ఏడాదిన్నర తర్వాత వదిలిపెట్టారు. పోయేటప్పుడు ఉన్న రెండు ముందరి పళ్లు వచ్చేటప్పుడు లేవు.

మంత్రి గారి నిబంధన సరళమైనది. అన్యాయం జరిగిందని తేలితే దుకాణం సీలును వారే స్వహస్తాలతో తీస్తారు. జరగలేదని ముగ్గురు సభ్యులూ ఒక్కమాటగా అంటే దుకాణం వేలం వేస్తారు. ఒక్క సభ్యుడు కాదన్నా ఫైలు హైదరాబాదు పోతుంది, వేలం ఆగిపోతుంది.

కమిటీ అధ్యక్షులు రిటైర్డ్ మున్సిఫ్ వెంకట్రాజం గారు. రెండో సభ్యుడు పాండురంగం, బట్టల వ్యాపారి, పార్టీ పట్టణ అధ్యక్షుడు. ఇద్దరి పళ్ల సెట్లూ లియాంగ్ చేసినవే. కాబట్టి విచారణలో అడిగిన ప్రతి ప్రశ్నా సాక్షి చేసిన పళ్ల మధ్య నుంచే వచ్చింది. ఇక నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. ఒంటరివాణ్ని. గదినిండా పుస్తకాలు. ఎవరైనా దగ్గినా, గోడకు ఆనుకున్నా దాని వెనక కారణం చెప్పగలను. నా విషయంలో మాత్రం పరిశోధన ఇంకా పూర్తికాలేదు.

ట్రావెలర్స్ బంగళాలో, రాసుకోవడానికి ఒక గుమాస్తాను కూర్చోబెట్టి, విచారణ మొదలుపెట్టారు.

"నీ పళ్లెట్ల పోయినయ్?" అన్నారు వెంకట్రాజం గారు.

"కొట్టిన్రు సాబ్. జమేదార్ కొమురెల్లి. లాఠీ తోని."

"కొట్టినప్పుడు నీ నోరు తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా?"

"తెరిచే ఉన్నది సాబ్. నేను చైనా మొఖం ఎన్నడు చూడలే అని చెప్తాన అప్పుడు."

"రాసుకోండి. నోరు తెరిచింది సాక్షే."

ఇంత సూక్ష్మదృష్టి నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. తర్వాత శిబిరానికి కాపలా ఉన్న కొమురెల్లిని పిలిచారు. భారీ మనిషి, చిన్న గొంతు.

"నేను కొట్టలే సాబ్. అన్నంల రాయొచ్చింది. గట్టిగ కొరికిండు."

వెంకట్రాజం గారు హాయిగా ఊపిరి వదిలి రాయించబోతుంటే పాండురంగం దగ్గాడు.

"జర ఆగుండ్రి. సర్కారు బియ్యంల రాళ్లంటే ఆహార శాఖ మీదికి పోతది. ఆహార శాఖ ఎవరిది?"

కాసేపు అందరం మంత్రి గారిని తలుచుకున్నాం.

"కొమురెల్లీ, మంచిగ యాది చేసుకో. అన్నంల రాయి ఉండెనా?" అన్నాడు పాండురంగం.

"లేదు సాబ్. మస్తు మంచి బియ్యం."

"మరి?"

"స్నానాల గదిల జారి పడ్డడు. బండల మీద నాచు ఉండె."

ఈసారి వెంకట్రాజం గారే గుమాస్తా కలాన్ని ఆపారు. "ఆ గదులు కట్టింది ఎవరు పాండురంగం?"

కట్టింది పాండురంగం బావమరిది. పాండురంగం పైకప్పు వంక చూశాడు.

"నాచు లేదు" అన్నాడు. అతను సాక్షి కాకపోయినా దాన్ని సాక్ష్యంగా రాసుకున్నారు.

"కొట్టిన్రు అని చెప్తాన గద సాబ్" అన్నాడు లియాంగ్.

"నువ్వు జర ఊకోవయ్యా. నీ పళ్ల గురించే గద మాట్లాడుతున్నం."

కొట్టారు అంటే హోం శాఖ. హోం మంత్రికీ మన మంత్రికీ పడదు. ఈ రిపోర్టు పంపిస్తే కక్షతో రాశారంటారు. పళ్లు పోయిన మాట నిజం. పోవడానికి ఏ దారి వెతికినా ఆ దారి చివర ఏదో ఒక శాఖ బోర్డు ఉంది. కమిటీ దిగులుపడింది. అప్పుడు వెంకట్రాజం గారికి నేనున్నానని గుర్తొచ్చింది.

"లెక్చరర్ సాబ్, మీరు మనసు గురించి చదువుకున్నరు గద. మనసు బాగలేక పళ్లు రాలుతయా?"

నన్ను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. క్లాసులో కూడా లేరు. గంటసేపు మాట్లాడాను. మనసు చెప్పలేని మాటను శరీరం చెబుతుందన్నాను. భయంతో గొంతు పోయినవాళ్లు, చెయ్యి పడిపోయినవాళ్లు ఉన్నారన్నాను. పళ్ల విషయంలో కూడా, సిద్ధాంతరీత్యా, అసంభవమని చెప్పలేమన్నాను. నా ఉపన్యాసాన్ని శ్రద్ధగా విన్నది లియాంగ్ ఒక్కడే. ఒకచోట తల కూడా ఊపాడు.

"మనసు ఏ శాఖ కిందికొస్తది?" అడిగాడు పాండురంగం.

"ఏ శాఖ కిందికీ రాదు" అన్నారు వెంకట్రాజం గారు, ఆ వారంలో మొదటిసారి నవ్వుతూ. లియాంగ్ చేసిన పళ్లు తళతళ మెరిశాయి. "రాసుకోండి. మానసిక కారణాల వల్ల రెండు పళ్లు తమంతట తామే రాలినవి."

బంగళా మెట్ల దగ్గర రాహేలు నిలబడి ఉంది.

"సారు, చదువుకున్నోళ్లు మీరు. గట్లెందుకు చెప్పిన్రు?"

"నేను చెప్పింది సిద్ధాంతం మాత్రమేనమ్మా."

"గదే మాట సంతకాల నాడు చెప్పుండ్రి. అది సిద్ధాంతం, ఈయనను కొట్టుడు నిజమని. దుకాణం తాళం మీ ఒక్క మాట మీదనే ఉన్నది."

"చెప్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఇంటికి పోయి అద్దం ముందు నిలబడి "నేను ఏకీభవించను" అని మూడు రకాల గొంతులతో సాధన చేశాను. మూడోది చాలా బాగా వచ్చింది.

సంతకాల రోజు పొద్దున లేచేసరికి పన్ను నొప్పి. కింది దవడ, ఎడమ పక్క. రిక్షా ఎక్కి కాజీపేట పోయాను. దుకాణం లేదు గనుక లియాంగ్ ఇంటి వరండాలోనే, చెక్క కుర్చీలో కూర్చోబెట్టి చూస్తున్నాడు. సన్నటి ఇనుప పుల్లతో నా పన్ను మీద కొట్టాడు.

"నొస్తాందా సారు?"

"నొస్తోంది."

పక్క పన్ను మీద కొట్టాడు. "ఇదీ?"

"అదీ నొస్తోంది."

"ఇవి మంచిగున్నయి సారు. వీటికేం కాలే."

"నా నొప్పి నాకు తెలుసు. పీకెయ్యి."

"మంచి పన్ను సారు."

"పీకెయ్యవయ్యా."

రాహేలు వేడినీళ్లు తెచ్చి పెట్టింది. "ఇయ్యాలనే గద సారు మీటింగు" అంది. నేను నోరు తెరిచి ఉండడం వల్ల జవాబు చెప్పలేకపోయాను. లియాంగ్ ఎప్పుడూ నోట్లోకే చూస్తాడు. ఆ రోజు నోటికి కొంచెం పైన, కళ్లలోకి చూశాడు. తర్వాత పీకాడు. నోటినిండా దూది కుక్కాడు.

"పొద్దూకేదాక నోరు తెరవద్దు" అన్నాడు. పన్ను కడిగి, కాగితంలో చుట్టి నా జేబులో పెట్టాడు. "పెట్టుకోండ్రి. మీదే."

మీటింగులో వెంకట్రాజం గారు రిపోర్టు చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగారు. పాఠకులు నమ్మాలి, నేను చెయ్యి ఎత్తాను.

"లెక్చరర్ సాబ్ చెయ్యెత్తి ఆమోదించిన్రు. రాసుకోండి" అన్నాడు పాండురంగం.

కాగితం మీద రాసి ఇవ్వవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఎదురుగా కాగితం, చేతిలో కలం ఉండి కూడా ఆ ఆలోచన ఎందుకు రాలేదన్నది శాస్త్రీయంగా చాలా విలువైన విషయం. దాని మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఆ కలంతో సంతకం మాత్రం పెట్టాను.

జవాబుదారీతనానికి మా జిల్లా ఆదర్శమని మంత్రి గారు మెచ్చుకున్నారు. దుకాణం వేలంలో పాండురంగం బావమరిదికి వచ్చింది. లియాంగ్, రాహేలు రెండు ట్రంకు పెట్టెలతో కాజీపేటలో రైలెక్కి కలకత్తా వెళ్లిపోయారు. ఆ తర్వాత కొద్ది నెలలకే ఊరి పెద్దమనుషుల పళ్ల సెట్లు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. ఒక సభలో మంత్రి గారి ముందే వెంకట్రాజం గారి పై సెట్టు పూలదండలో పడింది. బిగించే మనిషి లేడు. అందరూ హైదరాబాదు పోతున్నారు.

నేనూ పోయాను, ఖాళీలో పన్ను కట్టించుకుందామని. కొలతకు పనికొస్తుందేమోనని కాగితంలోని పన్ను తీసి అక్కడి డాక్టరుకు ఇచ్చాను. ఆయన దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పుచ్చు లేదు, ఏమీ లేదు. ఇంత మంచి పన్ను ఊరికే ఊడదే. ఎవరైనా కొట్టారా?"

"లేదండీ. మానసిక కారణాలు" అన్నాను.

ఆయన పన్ను పక్కన పెట్టాడు. నోరు తెరవమన్నాడు. వెంటనే తెరిచాను.