కిరౌను పోయింది

మధ్యాహ్నానికి విప్పాలి, సాయంత్రానికి బిగించాలి, ఆపైన కాళ్ళు కడుక్కొని పడుకోవాలి. ఆ ఉదయం బ్రహ్మచారి వేసుకున్న పథకం ఇంతే.

అతడు మగ్గాల ఫిట్టరు. లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయినప్పటి నుంచి అతనికి నిద్ర పట్టడం లేదు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులోనే పడుకున్న మనిషికి నిశ్శబ్దం అలవాటు కాలేదు. ఏ పనీ చేయకపోవడం ఇంత అలసట కలిగిస్తుందని ఎవరూ అతనికి ముందుగా చెప్పలేదు.

మగ్గాల పనికి పరాయి రాష్ట్రం వలస వచ్చిన తెలుగువాళ్ళు ఉండే డిండోలిలోని ఆ గల్లీకి నీళ్ళు తెచ్చేది రాజమల్లు చిన్న ట్రాక్టరు. బోరు ఎండిన నాటి నుంచి అది లాక్కొచ్చే ట్యాంకే అందరికీ ఆధారం. ముందురోజు తిరిగి వచ్చి, ముఖం బయటి వైపు తిప్పుకొని గల్లీ మొదట్లో నిలవగానే దాని వెనుక భాగంలో ఏదో విరిగింది. ఇంజను నడుస్తోంది, చక్రాలు కదలడం లేదు.

"రేపు పొద్దుగాల నీళ్ళు రాకుంటే గల్లీ అంత గల్సి నన్ను ఉతికి ఆరేస్తది చారన్నా," అన్నాడు రాజమల్లు.

"ఉతకనీకి నీళ్ళేడున్నయిరా," అన్నాడు బ్రహ్మచారి.

వెనుక చక్రాల నడుమ ఉన్న ఇనుప పెట్టెలో డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో ఒక చక్రం మెల్లగా, మరొకటి వేగంగా తిరగడానికి అదే ఆధారం. బ్రహ్మచారి నూనె దించాడు, చక్రాలు ఊడదీశాడు, ఇరుసులు లాగాడు. బయటికి తీసిన ప్రతి భాగం మీదా సుద్దముక్కతో ఎడమ, కుడి అని గుర్తు పెట్టాడు. జ్ఞాపకాన్ని నమ్మరాదని, గుర్తునే నమ్మాలని అతని సిద్ధాంతం.

క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రం పాడైంది. ఫిట్టర్ల నోట్లో దాని పేరు కిరౌను. రాజమల్లు దాన్ని చూసి నిట్టూర్చి, కొత్తది తేవడానికి సైకిలు మీద ఉధ్నాకు వెళ్ళాడు. అక్కడ స్పేర్‌పార్టుల దుకాణం బ్రహ్మచారి మేనల్లుడు నరేశ్‌ది. సరుకు తీసి ఉంచమని చెప్పడానికి బ్రహ్మచారి ఫోన్ చేశాడు. చేతుల నిండా నూనె కావడంతో ఫోన్‌ను టైరు మీద పెట్టి స్పీకరు నొక్కాడు. ఆ రోజుల్లో ఏ ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించేది, ఆ తరువాతే కరోనా హెచ్చరిక.

ట్యాంకు అవతల ఖాళీ బిందెతో ఆ గల్లీలోనే ఉండే ఎల్లవ్వ నిలబడి ఉంది. ఆమెకు మొదట దగ్గు వినిపించింది. తరువాత మాటలు వినిపించాయి.

"ఏమైంది మామా?"

"కిరౌనురా. పళ్ళన్ని ఊడినయ్."

"కాలిన వాసన గిట్ల వస్తున్నదా?"

"నాకేం వాసన తెలుస్తలేదు. మూతికి గుడ్డ ఉన్నది గదా."

"రాజమల్లు మామ?"

"పొద్దుగాలనే పోయిండు."

ఎల్లవ్వ చెవికి కిరౌను కరోనాగానే వినిపించింది. ఆమె బిందె కింద పెట్టింది. ఆమె ఒక్క అబద్ధమైనా ఆడలేదు. విన్నవాటిని విన్న వరుసలోనే గల్లీకి చెప్పింది. లోకంలోని తప్పుడు తీర్మానాలు చాలావరకు ఇలాగే పుడతాయి.

ఎవరు ఎవరికి ఫోన్ చేశారో గాని, తెల్లటి బట్టలు ముఖం దాకా తొడుక్కున్న మునిసిపాలిటీ మనుషులు వచ్చారు. రాజమల్లు ఎక్కడని వారిలో అధికారి దూరం నుంచే హిందీలో అడిగాడు. "రాజమల్లు కహా హై?"

"గయా," అన్నాడు బ్రహ్మచారి.

"కబ్?"

"సుబహ్."

పొద్దున పోయాడన్న ఆ జవాబుకు ఉధ్నాకు అనే మాట కూడా చేర్చి ఉంటే కథ అక్కడే ముగిసేది. అలసిన మనిషి ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు. అధికారి తల దించుకున్నాడు. వెంటనే గల్లీకి అడ్డంగా వెదుళ్ళు కట్టించాడు, బ్రహ్మచారిని ఇంట్లోకి పంపించాడు. నేల మీద పరచిన డిఫరెన్షియల్‌కు మందు కొట్టించి, దాన్నంతా చీపురుతో ఒక మూలకు నెట్టించాడు. సుద్ద గుర్తులన్నీ శుభ్రంగా కొట్టుకుపోయాయి.

మధ్యాహ్నం రాజమల్లు గోనెసంచితో తిరిగి వచ్చేసరికి వెదుళ్ళ అవతల ఎల్లవ్వ రాగం తీసి ఏడుస్తోంది. అతన్ని చూసి రాగం ఆపింది.

"నువ్వు పోయినవ్ గదరా!"

"పోయిన. వచ్చిన."

"ఏడికి పోయినవ్?"

"ఉధ్నాకు. ఎందుకు, చెప్పి పోవాల్నా?"

అధికారి కాగితం చూసి, చనిపోయిన రాజమల్లుకు దగ్గరగా మసలినవాళ్ళు ఎవరని అడిగాడు. తనకంటే దగ్గరివాడు ఎవరూ లేరని రాజమల్లు ఒప్పుకోక తప్పలేదు. అతన్ని గల్లీకి ఎదురుగా ఉన్న బడిలో ఉంచారు. గోనెసంచికి మందు కొట్టి వెదుళ్ళ మీదుగా గల్లీలోకి ఇచ్చారు.

అక్కడి నుంచి గల్లీలో ఎవరూ ఊహించని సుఖం మొదలైంది. మూసిన గల్లీ కాబట్టి మునిసిపాలిటీ ట్యాంకరు రోజూ వెదుళ్ళ దాకా వచ్చేది. బ్రహ్మచారి మాత్రం ట్రాక్టరు వెనుక కూర్చొని, గుర్తులు లేని ఇనుమును చూస్తూ ఉండిపోయాడు. కిరౌను ఇటూ పడుతోంది, అటూ పడుతోంది. రెండు వైపులా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తోంది.

"రాజమల్లూ! కిరౌను ఏ దిక్కుండెరా?" అని కేక వేశాడు.

ట్రాక్టరు ముఖానికి ఎదురుగా ఉన్న బడి కిటికీలోంచి రాజమల్లు ఎడమ చేయి ఊపాడు. "గిటు! ఎడమ దిక్కు!"

బ్రహ్మచారి ట్రాక్టరు వెనుక నుంచి తన ఎడమ వైపున బిగించాడు.

కొన్నాళ్ళకు, గల్లీ మూసినప్పుడు అందరికీ చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. గల్లీలో ఎవరికీ ఏమీ లేదు. వెదుళ్ళు విప్పారు. వాటితోపాటు ట్యాంకరు కూడా వెళ్ళిపోయింది.

"అందరం మంచిగున్నమని నీళ్ళు బంద్ చేస్తరా?" అని ఎల్లవ్వ నిష్ఠూరమాడింది.

ఇక ఉన్నదల్లా ట్రాక్టరే. బిందెలు వరుసలో నిలిచాయి. బడి నుంచి వచ్చిన రాజమల్లు ఎక్కి, మొదటి గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాడు. ట్రాక్టరు గంభీరంగా వెనక్కి నడిచి బిందెల వరుసను చెదరగొట్టింది. రెండో గేరు వేశాడు. ఇంకొంచెం వేగంగా వెనక్కి వెళ్ళింది.

"ఎడమ దిక్కన్న గదనే!"

"ఎవ్వని ఎడమరా?"

ఎదురెదురుగా ఉన్న ఇద్దరి ఎడమలు వేరు; కిరౌను తప్పు దిక్కున పడి చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి. ఆఖరుకు రాజమల్లు రివర్సు గేరు వేశాడు. ట్రాక్టరు ముందుకు కదిలింది.

బ్రహ్మచారి నూనె చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. "మల్ల ఇప్పాలె. నరేశ్‌కు ఒక ఫోన్ చేసి అడుగుత."

అతని భార్య మంగ చటుక్కున ఫోన్ లాక్కుంది. "వద్దయ్యా! నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలకు ఫోన్ చెయ్యకు!"

ఎల్లవ్వ అప్పటికే రెండు చెవులూ మూసుకుంది.

మరునాటి నుంచి ట్రాక్టరు రివర్సు గేరులో ముందుకు నడుస్తూ నీళ్ళు తెచ్చింది. ఆ సంవత్సరం అంతకంటే ముందుకు ఎవరూ పోలేదు.