బొట్టు పెట్టిన పిస్తోలు

నాచారంలోని మా కాలనీలో దసరా ఆయుధ పూజ సర్వవిధాలా జయప్రదమైందనీ, ఒక్క పిస్తోలు తప్ప మిగతా ఆయుధాలన్నీ క్షేమంగా ఉన్నాయనీ సంక్షేమ సంఘం కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ఆయుధమంటే మా దగ్గర చాలా విశాలమైన అర్థముంది. పారిశ్రామికవాడ పక్కన కాపురం కాబట్టి లేతు మిషన్లకు, ఆటోలకు, బోరు మోటారు స్టార్టరుకు బొట్లు పెడతాం. ఇంట్లో మిక్సీకీ, వైఫై డబ్బాకూ పెడతాం. కరెంటు మీటరుకు మాత్రం పెట్టం. అది మన ఆయుధం కాదు, మన మీద ప్రయోగించేది.

సదరు పిస్తోలు మా నాయకుడు బాలరాజు గారి గన్‌మెన్‌ది. బాలరాజు గారు నిస్వార్థ సేవకులు. కాలనీ పార్కు స్థలాన్ని ఎవరైనా కబ్జా చేస్తారేమోనని బెంగపడి, ఎవరూ చేయకముందే తానే చేసి కాపాడారు. అందులో తన ఆఫీసు, దాని పక్కన వరుసగా అద్దె షట్టర్లు కట్టించారు. మూలన ఒక వేపమొక్కను అలాగే వదిలేశారు. పచ్చదనం మీద ఆయనకంత మమకారం.

ఆ ఆఫీసు గుమ్మంలో, ప్రభుత్వం ఆయన రక్షణకు పంపిన కానిస్టేబుల్ ఆరోన్ నడుముకు పిస్తోలుతో నిలబడేవాడు. పాపం నెమ్మదైన మనిషి, ఎవరినీ కసిరి ఎరుగడు. అయినా పార్కు సంగతి అడుగుదామని బయలుదేరినవాళ్లు, ఆ నడుము వైపు ఒకసారి చూసి, "ఎండలు మండిపోతున్నయన్నా" అని దండం పెట్టి వెనక్కి వచ్చేవారు. అలాగని మాకేమీ కష్టం లేదు. బోడుప్పల్ అపార్టుమెంట్లలో ఈతకొలనులు ఉంటే ఉండొచ్చు, గన్‌మెన్ ఏడీ? పెళ్లిచూపులకు వచ్చేవారికి కూడా మేము "గన్‌మెన్ గల్లీ" అనే దారి చెబుతాం.

పండుగనాడు బాలరాజు గారి తల్లి రాజేశ్వరమ్మ గారు పళ్లెం పట్టుకొచ్చి పిస్తోలు అడిగారు. ఆరోన్ గుండ్లు తీసి జేబులో వేసుకుని, "అమ్మా, ఇది సర్కారు సామాను" అని నసిగాడు.

"సర్కారుదైతే బొట్టొద్దా బిడ్డా? దాని కడుపు సల్లగుండ, నా కొడుకును కాపాడవట్టె!" అని ఆవిడ గంధం, పసుపు, కుంకుమ దట్టంగా పట్టించి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లతో అభిషేకం కూడా చేశారు.

తడి ఆరాక ఆరోన్ ఖాళీ పిస్తోలును పరీక్షించాడు. ట్రిగ్గర్ నొక్కితే వెనక్కి వెళ్లింది. వేలు తీస్తే ముందుకు రాలేదు. ఈ జాతి పిస్తోలులో ఒక గుండు పేలాక ట్రిగ్గర్ కాస్త ముందుకు జరిగి 'టిక్' మనాలట. అప్పుడే రెండో గుండుకు సిద్ధమైనట్టట. దాన్నే రీసెట్ అంటారట. ఇదేమో అలిగిన కొత్తల్లుడిలా లోపలే కూర్చుంది. వేలితో నెట్టి బతిమాలితేగానీ బయటికి రాలేదు.

"రీసెట్ అయితలేదు సార్. మా పోలీసాఫీసుల అప్పజెప్పాలె," అన్నాడు ఆరోన్.

బాలరాజు గారు గబగబా ఆఫీసు తలుపు వేశారు. అసలే గన్‌మెన్లను తగ్గిస్తున్నారని పుకారు. గన్‌మెన్ లేని నాయకుణ్ణి టిఫిన్ సెంటర్ ప్రారంభానికి కూడా పిలవరు.

"జర ఆగు ఆరోన్. పిస్తోలు పోతె నువ్వు పోతవు, నువ్వు పోతె నేను పోత. ఒక్కటైతే పేలుతది గదా?"

"ఒక్కటి పేలుతది సార్."

"సాలు. నన్ను సంపనీకె వచ్చేటోడు ఒక్కడే వస్తడు."

"ఇద్దరొస్తే సార్?"

"రెండోటోనితోని నేను మాట్లాడుత."

మరమ్మతులు రహస్యంగా మొదలయ్యాయి. ఉప్పల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే విక్రమ్‌కు బాలరాజు గారు ఫోన్ చేసి, వస్తువు పేరు చెప్పకుండా, రీసెట్ కావడం లేదన్నారు. "జోరుగ ఒత్తి పట్టుకోన్రి అన్నా, అదే అయితది. కాకపోతే లోపలున్నయన్నీ పోతయి, బ్యాకప్ ఉన్నదా?" అని అతను అడిగాడు. ఆ తర్వాత కుట్టుమిషన్ల చంద్రయ్య వచ్చి మిషన్ నూనె పోశాడు. లోపలి కుంకుమ హల్వా అయింది. వాస్తు చూసే ఆయన వచ్చి ఆరోన్‌ను గుమ్మానికి కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చాడు. ట్రిగ్గర్ కదల్లేదు గానీ ఆరోన్‌కు కాస్త నీడ దొరికింది.

చివరికి ఆరోన్, "నా నౌకరి పోతది సార్" అని చెప్పేసి, పిస్తోలు తీసుకుని వెళ్లి అప్పగించాడు. అక్కడ ఆయుధాలు బాగుచేసే పెద్దాయన దాన్ని విప్పి నిర్ఘాంతపోయాడు.

"ఏందిర ఇది, పిస్తోలా పులిహోరా? బొట్టు నువ్వే పెట్టినవా?"

"నేను చర్చికి పోత సార్."

కడిగి తుడిచేసరికి ట్రిగ్గర్ బుద్ధిగా ముందుకొచ్చి 'టిక్' మంది. కథ అక్కడితో సుఖాంతం కావలసింది. కానీ అటుగా వచ్చిన ఒక అధికారి, పాపం పనిలేకనో ఏమో, ఈ పిస్తోలు ఎవరి రక్షణకని అడిగాడు. బాలరాజు గారికి ప్రాణహాని ఎవరి వల్ల అని కూడా అడిగాడు. ఆరోన్‌కు అబద్ధం రాదు. "నేనొచ్చినకాంచి ఎవ్వరూ రాలేదు సార్" అన్నాడు. దాంతో పిస్తోలు, ఆరోన్ రెండూ అక్కడే ఆగిపోయాయి. ఎస్సై త్రివేణి గారు కాలనీకొచ్చి విచారించి, ముప్పు నిజమని తేలిస్తేనే గన్‌మెన్. లేకపోతే లేదు.

బాలరాజు గారు మమ్మల్నందరినీ పార్కులోని తన ఆఫీసుకు పిలిపించి, చాయ్ పోయించి, గద్గద స్వరంతో ప్రసంగించారు.

"నా ప్రాణసమానులారా! మీకు మోరీలు తీయించిన. లైట్లు పెట్టించిన. ఇయ్యాల నాకు ప్రాణభయం ఉన్నదని జెప్పనీకె ఈ కాలనీల ఒక్క మనిషి లేడా? నన్ను సంపాలనుకునేటంత ప్రేమ ఒక్కరికన్నా లేదా?"

మోకాళ్లకు మంచిదని డాక్టరు నడవమంటే, పార్కు లేక మెయిన్ రోడ్డు మీద లారీల పక్కన నడిచే కౌసల్యమ్మ గారు మెల్లగా లేచారు.

"నాకున్నది బాలరాజూ. నీ షట్టర్లు జూసినప్పుడల్లా నీ పీక పిసకాలనిపిస్తది. రాసుకో."

"నీ రుణం తీర్సుకోలేను అత్తా!" అని బాలరాజు గారు చేతులు జోడించారు.

ఇక ఆగుతామా! వెనక వరుసలోంచి సాంబయ్య గారు, "నా మనుమడు ఆడనీకె జాగ లేక ఫోన్ పట్టుకొని సోఫాల పండుకుంటుండు. నీ కాళ్లిరగ్గొడ్త!" అని అరిచారు. "కాళ్లు సాలయి మామా, ప్రాణమని జెప్పు" అని బాలరాజు గారు సవరించారు. ఆయన సరేనని ప్రాణమే అన్నారు. నేనూ లేచి, సంఘం నిబంధనలకు లోబడి తమరిని హతమారుస్తానని ప్రకటించాను. చెప్పొద్దూ, నా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా కడుపులో కుక్కుకున్నదంతా ఆయన ముందే, ఆయన అనుమతితో, ఆయన చాయ్ తాగుతూ కక్కేశాం. ఇంటికి వెళ్లి అద్దం ముందు కోపం మొహం సాధన చేసినవాళ్లు కూడా ఉన్నారు.

ఎస్సై గారు వచ్చిన రోజు మేమంతా భయంకరంగా నిలబడ్డాం.

"ఎందుకు సంపుతరు?" అన్నారావిడ.

"మా పార్కు కబ్జా జేసిండు మేడం."

"ఎన్నేండ్లాయె?"

"మస్తేండ్లాయె."

"కంప్లైంట్ ఇచ్చిన్రా?"

"లేదు మేడం."

"పోనీ, ఆయననన్న అడిగిన్రా?"

"అడుగుదామనే అనుకున్నం. ఎండలు..."

"ఈ షట్టర్లల్ల సామాన్లు ఎవరు కొంటరు?"

"మేమే మేడం. దగ్గర గదా."

"మొన్న ఓటెవరికేసిన్రు?"

కౌసల్యమ్మ గారు మోకాలు సవరించుకున్నారు. సాంబయ్య గారికి దగ్గొచ్చింది. నేను, ఎస్సై గారికి చాయ్‌లో చక్కెర సరిపోయిందా లేదా అని కనుక్కున్నాను.

ఆవిడ మమ్మల్ని వరుసగా, ఒక్కొక్కరినీ, తీరిగ్గా చూశారు. తర్వాత బాలరాజు గారి వైపు తిరిగి, ఎంతో దయగా చెప్పారు.

"రంది పడకున్రి. వీళ్లతోని మీకే కాదు, ఎవ్వలకీ ఏ ముప్పూ లేదు."

బాలరాజు గారు కుర్చీలో కూలబడి వలవల ఏడ్చారు. ఆయనది గన్‌మెన్ పోయిన దుఃఖం. మాది పరువు పోయిన దుఃఖం. ఇంతమంది, ఇంత ఆవేశంగా, ఇంత కారణంతో నిలబడితే ఎవ్వరికీ ముప్పు లేదంటుందా? ఇప్పుడు ఆఫీసు గుమ్మంలో ఆరోన్ కూడా లేడు, పిస్తోలూ లేదు. పౌరుషమున్న కాలనీ ఊరుకోదు. ఎస్సై గారి వ్యాఖ్యలను తీవ్రంగా ఖండిస్తూ అత్యవసర సమావేశం పెట్టాలని అందరం ఏకగ్రీవంగా నిర్ణయించాం.

సమావేశానికి బాలరాజు గారి ఆఫీసు తాళంచెవి కావాలి. ఆయన బాధలో ఉన్నారు కదా, కాస్త తేరుకున్నాక అడుగుదామని ఆగాం.