పచ్చ ఎముక ప్రారంభోత్సవం

ఇందుమూలంగా తమిళనాడు ధర్మపురిలో రాళ్లసందులోని సమస్త కుక్కలకు తెలియజేయడమేమనగా, ఇకమీదట మీకు ఎముకలు శాస్త్రీయంగా వేయబడును. కుక్కలకు చదువు రాదు గనుక మనుషులు చదివి, తమ తమ కుక్కలకు వినిపించవలెను. మా సందులో మనుషులకు కూడా తెలుగు చదవడం రాదు. తాతల తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. అందుచేత ప్రకటన తమిళంలోనే వేశాం. పేచీ కూడా అక్కడే పడింది.

అసలు విషయం మణి గొంతులో మొదలైంది. మణి అంటే కుప్పాయి కుక్క. కుప్పాయి ఇటుకలు మోసే మనిషి. ఇంట్లో ఆమెకు ఎదురుచెప్పేందుకున్న ఒకే ఒక్క ప్రాణి మణి. మేస్త్రీ ధర్మరాజ్ తన ఇంటికి శ్లాబు పోసిన రోజు కూలీలందరికీ బిరియాని పెట్టించి, మణికి తన చేత్తోనే ఒక కోడికాలి ఎముక విసిరాడు. ఉడికిన ఎముక కదా, పుల్లలా చీలి దాని గొంతుకు అడ్డం పడింది. ధర్మరాజ్ చేతికి ఎముక లేదని ఊరంతా పేరు. నాలుకకు ఎలాగూ లేదు. ఉన్న ఆ ఒక్క ఎముకా మణి గొంతులో ఉంది. ధర్మరాజ్ అనే పేరు గలవాడి వెంట నడిచిన కుక్క స్వర్గానికి పోతుందని పెద్దలు ఊరికే అనలేదు.

పశువుల డాక్టరమ్మ దాన్ని స్వర్గం గుమ్మం దగ్గర నుంచి వెనక్కి లాగింది. లాగి, తమిళంలో చెప్పింది: "ఇకమీద కోడి ఎముక చూపించొద్దు. పచ్చై ఎలుంబు మాత్రమే ఇవ్వండి. అది కుక్క నోటికంటే పెద్దదిగా ఉండాలి. కొరుకుతున్నంతసేపూ ఎవరైనా పక్కనే ఉండాలి. అరిగి చిన్నదయ్యాక లాగేసుకోండి. ఇంకోసారి ఇలా గుచ్చుకుంటే ఇది బతకదు."

కుప్పాయి చివరి మాట విని ఏడ్చింది. ధర్మరాజ్ పచ్చై అన్న మాట విని సంఘం పెట్టాడు. తమిళంలో కుక్కను నాయ్ అంటారు. నాయ్ ఉన్నచోట నాయకుడు పుట్టకుండా ఉంటాడా?

ఇక్కడ చిన్న వ్యాకరణం. ఎలుంబు అంటే ఎముక, అందులో పేచీ లేదు. తెలుగులో పచ్చ వేరు, పచ్చి వేరు. రెంటికీ మధ్య ఒక గుడి అడ్డం ఉంది. తమిళంలో ఆకు రంగూ పచ్చైయే, ఉడకనిదీ పచ్చైయే. గుడి అడ్డం లేకపోయేసరికి మా ధర్మరాజ్ చెప్పులతోనే లోపలికి నడిచి, ఆరోగ్యానికి పచ్చ రంగు ఎముకే మంచిదని తేల్చేశాడు. రోజూ పచ్చి అబద్ధాలు తిని అరిగించుకునే మాకు పచ్చి ఎముక మాత్రం మింగుడుపడలేదు.

కుప్పాయికి అనుమానం రాకపోలేదు. "మేస్త్రన్నా, పచ్చై అంటే ఉడకనిదేమో అన్నా. డాక్టరమ్మను ఇంకొక మారు అడిగేదా?"

"ఏమ్మా కుప్పాయీ, ఫ్లెక్సు కొట్టించేసినాను. ఇంక అర్థం మారుస్తావా?"

నిజమే. ఆ ఫ్లెక్సులో పచ్చటి ఎముక అరటికాయంత ముద్దుగా ఉంది. దాని పక్కన ధర్మరాజ్ దండం పెడుతున్నాడు. ఒక మూల మణి కూడా ఉంది, తోక మట్టుకు. ఫ్లెక్సు ఎక్కిన మాటకు నిఘంటువులో అర్థం వెతకడం దేశద్రోహం.

ప్రారంభోత్సవం జరిగేదాకా సందులో ఎముకలు నిషేధించాం. ఆ రోజుల్లో మా దగ్గర ఎముకలు కొరికేది చలి ఒక్కటే. కుప్పాయి పెరుగన్నం కలిపి పెడితే మణి ముఖం తిప్పుకుంది. మూలుగ కోసం మూలుగుతూ పడుకుంది.

"తినరా నా బంగారూ, నీకు పేద్ద ఎమిక రానుంది" అని కుప్పాయి దాని పక్కటెముకలు నిమిరేది. నిమరడానికి రోజురోజుకూ అవి బాగా దొరుకుతున్నాయి.

ఇంతలో ధనం లేచింది. ధనం పాలకోడు సంతలో టమాటాలు అమ్ముతుంది. గొంతు చాలా పండింది. ఆమె కోడలు విజయవాడ వైపు పిల్ల. "మా ఊళ్లో పచ్చ అంటే పసుపేనండీ" అని ఆ పిల్ల ఒక మాట అనింది. ఆ మాట పట్టుకొని ధనం "పసుపు లేని ఎమిక అపశకునం" అంటూ వేరే సంఘం పెట్టింది. అన్నదమ్ములు విడిపోయారు. ఒక ఇంట్లో మొగుడు పచ్చ, పెళ్లాం పసుపు, అత్తగారు కామెర్లు. తగవు పెద్దదయ్యాక రెండు రంగులూ పెట్టాలని రాజీ కుదిరింది. కుక్కను మాత్రం ఎవరూ అడగలేదు. దానికి ఓటు లేదు, కాటు మాత్రమే ఉంది.

డాక్టరమ్మ చెప్పిన మిగతా నియమాలను మేము తు.చ. తప్పకుండా పాటించాం. పక్కనే ఉండి చూడాలన్నారు గనుక సందంతా వచ్చి చూసింది. నోటికంటే పెద్దది కావాలన్నారు గనుక ఎవరి నోటికంటే అన్న చర్చ జరిగింది. ధర్మరాజ్ నోటికంటే పెద్దది ఈ జిల్లాలోనే దొరకదని ధనం తేల్చడంతో, కుక్క నోటికే పరిమితమయ్యాం.

ప్రారంభోత్సవం నాడు తెల్లవారేసరికే రెండు అండాలు పొయ్యిల మీదికి ఎక్కాయి. ఒకదాంట్లో పాలకూరతో, ఇంకోదాంట్లో పసుపుతో పొట్టేలు ఎముకలు రంగు పట్టేదాకా కుతకుత ఉడికాయి. అంటే ఏది వద్దో అదే, రెండు రంగుల్లో తయారైంది.

మణి మెడలో చామంతి దండ వేశారు. ముందు పళ్లెంలో పచ్చ ఎముక పెట్టారు. ధర్మరాజ్ మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా, శునక సోదరులారా! ఎముక అంటే వట్టి ఎముక కాదు. అది మన సమాజానికి వెన్నెముక..."

మణికి ఉపన్యాసాలు అలవాటు లేవు. పళ్లెం మీదికి దూకింది. కుప్పాయి కూడా దూకి, దాని రెండు దవడల మధ్య తన మోచేయి పెట్టింది. ఒక చేత్తో కుక్క నోరు మూయనీయకుండా, ఇంకో చేత్తో డాక్టరమ్మకు ఫోను కలిపి మైకు ముందు పెట్టింది.

"ఆపన్నా నీ పేచ్చు! అమ్మా, పచ్చై ఎలుంబు అంటే పాలకూరలో ఉడికించిందేనా?"

మైకులో డాక్టరమ్మ గొంతు బస్టాండు దాకా మోగింది. "ఉడికించారా? ఎవరా ముట్టాళ్?"

ముట్టాళ్ అంటే మూర్ఖుడు. ఈ మాటకు మాత్రం అర్థం విషయంలో ఎవరికీ సందేహం రాలేదు. అందరూ ధర్మరాజ్‌ను చూశారు.

ధర్మరాజ్ తడుముకోలేదు. "వింటిరా? నేను మొదటి నుంచీ చెప్పేది అదే!" అందరం చప్పట్లు కొట్టాం.

మాంసం కొట్టు మాదేశన్ అప్పుడే కొట్టిన పొట్టేలు తొడ ఎముక తెచ్చి ఇచ్చాడు. పచ్చిది, మణి మూతికంటే పొడుగుది. కుప్పాయి పక్కనే కూర్చొని కన్నార్పకుండా చూసింది. అరిగాక పెరుగన్నం ఆశ చూపి లాగేసుకుంది. మణి ఈసారి అన్నం కూడా తినింది. కుప్పాయి కొంగుతో దాని మూతి తుడిచి, తర్వాత తన కళ్లు తుడుచుకుంది. చామంతి దండను ఎవరు తిన్నారో తెలియదు.

అండాల నిండా ఉడికిన ఎముకలు మిగిలాయి. కుక్క తింటే చస్తుందని ఊరంతా విన్న వస్తువును పారేయడానికి మనసొప్పక, మిరియాలు వేసి సూపు చేసి మనుషులకు పంచాం. ఉచితం అనగానే వరుస మెయిన్‌రోడ్డు దాకా సాగింది. పచ్చవాళ్లు పసుపు సూపూ, పసుపువాళ్లు పచ్చ సూపూ రెండో గ్లాసు తాగి ఐక్యత చాటారు. ధర్మరాజ్ తాగుతూ కూడా ప్రసంగించాడు. "ఈ ఎముక ఉందే..." అన్నాడు. ఉంది. అడ్డంగా ఉంది.

దాన్ని మనుషుల ఆసుపత్రిలో తీశారు. వారం దాకా మాట్లాడకూడదన్నారు. కుప్పాయి చూడబోయింది. "అన్నా, ఇకమీద నోటికంటే పెద్దదే తినన్నా. పక్కన ఎవర్నన్నా పెట్టుకో."

మణి ఇప్పుడు ఎవరు ఏం విసిరినా వాసన చూస్తుంది. విసిరినవాడి ముఖం చూస్తుంది. ఉడికినదైతే వదిలేస్తుంది.

నిన్న మా సందు మొదట్లో ఇంకో ఫ్లెక్సు వెలిసింది. దానిలో దండం పెడుతున్న కొత్త ముఖం ఒకటి ఉంది. ఏదో ఉచితమట. ఏమిటో రాయలేదు. మేమంతా నోళ్లు తెరుచుకొని వరుసలో నిలబడ్డాం. మణి ఒక్కతే రాలేదు.

అయ్యా, మీరా? రండి, రండి. తోసుకోకండి, వెనకాల నిలబడండి.