జింకలకు జింకు

అడవి జింకలకు మినరల్ ఇటుకలు పెడితే కొమ్ములు పెరుగుతాయా అని ఇంకా సందేహించేవాళ్ళతో మాట్లాడి లాభం లేదు. పెరుగుతాయి. కళ్ళారా చూసిన అధికారే ఉన్నాడు. ఆయన సంగతి వింటే మీరే వెళ్ళి నాలుగు ఇటుకలు కొనుక్కొస్తారు.

ఆయన మొన్నమొన్నటిదాకా మురుగుకాలవల శాఖలో పనిచేశాడు. పైపుల విషయంలో ఆయనకు తెలియనిది లేదు. ఆ ప్రతిభ చూసే కాబోలు, వసంతం మొదట్లో ఆయన్ని అభయారణ్యానికి బదిలీ చేశారు. కుర్చీలో ఇంకా సర్దుకోకముందే పెద్దసారు ఫోన్ చేశాడు. సందర్శకులు రావడం లేదట. జింకల కొమ్ములు చూడ్డానికి బొత్తిగా బాగాలేవట. ఏదో ఒకటి చెయ్యకపోతే మళ్ళీ కాలవలకే పంపిస్తాడట.

కిటికీలోంచి చూస్తే ఆ మాటా నిజమే. మగ జింకల నెత్తిన బొటనవేలంత బుడిపెలు తప్ప ఏమీ లేవు. మన అధికారికి ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రానికి ఆయన అక్క మొగుడు దిగాడు. పశువుల దాణా వ్యాపారి. కష్టం ఎక్కడుంటే అక్కడికి సంచితో సహా వచ్చే మనిషి. ఎర్రటి ఇటుకొకటి తీసి టేబుల్ మీద పెట్టాడు.

"కాల్షియం, ఫాస్ఫరస్, జింకు, అన్నీ ఇందులోనే. జింక దీన్ని నాకిందంటే చాలు, కొమ్ము లేస్తుంది."

"జింకలకి జింకు పడుతుందా బావా?"

"జింకు లేనిదే జింకెలా అవుతుందోయ్?"

ఈ వాదనకు ఏ శాస్త్రంలోనైనా జవాబుందా? మన అధికారి దగ్గర కూడా లేదు. మర్నాడే జీపు నిండా ఇటుకలు అడవిలోకి వెళ్ళాయి.

ఇక చూడండి. బుడిపెలు జానెడయ్యాయి, మూరెడయ్యాయి, కొమ్మలు వేశాయి. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పొద్దున్నే లేచి బైనాక్యులర్స్ తగిలించుకునేవాడు. మంగలి షాపులో కొమ్ముల కబుర్లే, పెళ్ళిళ్ళలో కొమ్ముల కబుర్లే. చివరికి ఇంట్లో గులాబీ కుండీల్లో కూడా ఇటుక పొడి చల్లాడు. జింకల మాటెలా ఉన్నా సారుకి మాత్రం కొమ్ములొచ్చాయని ఆఫీసులో గుసగుసలాడుకున్నారు. ఆయన విన్నాడు. ఇటుకల మహిమ మనుషుల మీద కూడా పనిచేస్తోందని మురిసిపోయాడు.

ఇటుకల దగ్గర పెట్టిన కెమెరాల్లో ముళ్ళపందులు పడ్డాయి, దారి తప్పిన ఆవులు పడ్డాయి. జింక మాత్రం ఒక్కటీ పడలేదు.

"సిగ్గోయ్, సిగ్గు. ఎవరూ చూడనప్పుడు నాకుతాయి" అన్నాడు బావ.

అధికారి భార్య హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. "ఏమండీ, కొమ్ముల గురించి ఒక్క మాట చెప్పనా?" అని రెండుమూడు సార్లు అడిగింది. "పెద్దసారు వచ్చి వెళ్ళాక చెప్పు" అన్నాడాయన.

పెద్దసారుకు చలికాలం చివర్లోగానీ తీరిక దొరకలేదు. పూలదండలు వేసి, అధికారి, ఆయన భార్య, బావ, అందరూ కలిసి చెక్క మంచె ఎక్కారు. జింకలు ఒక్కొక్కటే పొదల్లోంచి బయటికొచ్చాయి. కొమ్ముల్లేవు. అన్నీ గుండ్లే.

అధికారి ముక్కుకు కాలవ వాసన తగిలినట్టయింది. బావ వైపు చూశాడు.

"పవర్ ఎక్కువైంది సార్. బరువు ఆగలేక రాలిపోయాయి" అన్నాడు బావ తొణక్కుండా.

ఆవిడ ఇక ఆగలేకపోయింది. "ఏటా ఈ రోజుల్లో రాలిపోతాయి సార్. వసంతంలో మళ్ళీ వాటంతటవే మొలుస్తాయి. ఇటుకలున్నా, లేకపోయినా."

"లేకపోయినా మొలుస్తాయని నీకెవరు చెప్పారు?" అన్నాడు అధికారి, నలుగురిలో భార్య అలా అనేసరికి చిన్నబోయి.

"వాగు అవతలికి జీపు పోదని అక్కడ మీరు ఇటుకలు పెట్టలేదు కదండీ. ఆ జింకలకీ కొమ్ములు వీటికి పెరిగినంతే పెరిగాయి. మా స్కూలు పిల్లలకి కూడా చూపించాను."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వాగు వైపు చూశాడు.

"అంటే, ఇన్నాళ్ళూ అవతలి జింకలకి అన్యాయం జరిగిందన్నమాట" అన్నాడు. "వంతెన వేయించండి. అక్కడా ఇటుకలు పెట్టండి. ఇలాంటి ప్రశ్న మళ్ళీ వినపడకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మన అధికారే కొట్టాడు. బావ అప్పటికే సంచి విప్పుతున్నాడు.

ఇంటికొస్తూ జీపులో ఆయన భార్య వైపు వంగి, డ్రైవరుకు వినపడకుండా అడిగాడు. "నిజం చెప్పు. ఆ ఇటుకలు పనిచేస్తాయంటావా?"

"ఇటుకల్లేని జింకలతో పోల్చి తెలుసుకునే వీలు ఇవాళ పొద్దుటిదాకా ఉండేదండీ" అందావిడ. "మీరే చప్పట్లు కొట్టారు."